గోలీసోడా పోసినట్టుంది అన్నాడంటే ఫ్యాక్టర్ తీయాల్సిందే

"అమ్మా, మోకాల్లో గోలీసోడా పోసినట్టుంది."

మా వాడికి హీమోఫీలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు. వాడు ఈ మాట అన్నాడంటే పొయ్యి మీద ఏమున్నా కట్టేసి ఫ్రిజ్ దగ్గరికి వెళతాను. అప్పటికి వాపు ఉండదు, కుంటడం కూడా మొదలవదు, పైకి చూస్తే స్కూలు ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తులానే ఉంటుంది. కానీ కీలు లోపల రక్తం కారడం మొదలైపోయింది. ఒక్కో పిల్లాడు ఒక్కోలా చెప్తాడు, చీమలు పాకుతున్నట్టుందంటాడు, వెచ్చగా ఉందంటాడు, బిగుసుకుపోతోందంటాడు. మీ వాడి మాట ఏంటో కనిపెట్టండి. అది వినపడగానే ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ మందు) నరంలోకి ఎక్కించండి, వాచేదాకా ఆగొద్దు, నిజమా అబద్ధమా అని విచారణ పెట్టొద్దు. అనుమానం నిజం కాకపోతే ఒక వయల్ (మందు బుడ్డి) పోతుంది, నిజమై మనం ఆగితే మోకాలు పోతుంది. ఇక మిగతాదంతా ఆ పని ఇంట్లో ఎలా చేసుకోవాలన్నదే.

మా వాడికి పదేళ్ళు, హీమోఫీలియా ఏ, సివియర్, అంటే ఫ్యాక్టర్ 8 ఒక శాతం కన్నా తక్కువ. మేం ఉండేది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో, నా పుట్టిల్లు గుంటూరు. నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. ఆరేళ్ళుగా నా చేత్తో నేనే వాడికి ఎక్కిస్తున్నాను, అంతే. డోసు మాత్రం మీ డాక్టర్‌గారు రాసిందే వాడాలి, నేను చెప్పే లెక్క ఆ చీటీ అర్థం చేసుకోవడానికి.

ముందు ఒక తప్పు చెప్తాను, మీరు చేయకుండా ఉంటారు. వాడికి మూడేళ్ళప్పుడు సంక్రాంతికి గుంటూరు వెళ్ళాం, అరుగు మీంచి జారి మోకాలు కొట్టుకున్నాడు. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, జబ్బు పేరు చెప్పినా సరే, "నొప్పికేనమ్మా" అని తుంటికి ఇంజెక్షన్ ఇచ్చేశారు. రాత్రికి తొడ కర్రలా గట్టిపడింది, రంగు నేరేడుపండులా మారింది. ఆ చిన్న సూది పోటు కోసం తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉన్నాం. అందులో తప్పులు రెండు. ఒకటి, కండలోకి సూది వేయడం, ఈ పిల్లలకి అది అసలు కూడదు. రెండు, మందు డైక్లోఫినాక్. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి, అసలే గడ్డకట్టని రక్తానికి అది ఇంకో దెబ్బ. నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. మందుల షాపులో "ఒళ్ళు నొప్పులకి ఒకటివ్వండి" అని అడగడం మానేయండి, ఇచ్చిన స్ట్రిప్ వెనక ఏం రాసుందో చదవండి, కాంబినేషన్ బిళ్ళల్లో ఇవే దాక్కుని ఉంటాయి.

చీటీలో ఏముందో అర్థం చేసుకోండి

రక్తం గడ్డకట్టాలంటే ఒకదాని వెనక ఒకటి పని చేసే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. అందులో 8వది లేకపోతే హీమోఫీలియా ఏ, 9వది లేకపోతే బీ. ఒక శాతం లోపు అయితే సివియర్, 1 నుంచి 5 అయితే మోడరేట్, అంతకు పైన 40 దాకా మైల్డ్. మీ రిపోర్టులో ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే టైము చూసే టెస్టు) ఎక్కువుందన్న ఒక్క ముక్క చాలదు, ఫ్యాక్టర్ అస్సే (ఏ ఫ్యాక్టర్ ఎంత శాతం ఉందో చూసే టెస్టు) చేయించి 8నో 9నో తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకదానికి ఇంకోటి పని చేయదు.

లెక్క ఇలా ఉంటుంది. ఫ్యాక్టర్ 8ని కిలో బరువుకి 1 యూనిట్ ఇస్తే రక్తంలో దాదాపు 2 శాతం పెరుగుతుంది. ఫ్యాక్టర్ 9 అయితే కిలోకి 1 యూనిట్‌కి 1 శాతమే, రీకాంబినెంట్ (రక్తం నుంచి కాకుండా ల్యాబులో తయారుచేసిన) రకాలైతే ఇంకాస్త తక్కువే. మా వాడు బక్కపలచన, 25 కిలోలు. మోకాలి బ్లీడ్‌కి 40 శాతం రావాలనుకుంటే 25ని 40తో గుణిస్తే 1000, అందులో సగం 500 యూనిట్లు. అదే బరువున్న పిల్లాడికి హీమోఫీలియా బీ అయితే 1000 యూనిట్లు కావాలి. వయళ్ళు 250, 500, 1000 యూనిట్లలో వస్తాయి. లెక్క 470 వచ్చిందని 30 యూనిట్లు పారబోయకండి, వయల్ విప్పాక మొత్తం ఎక్కించేయడమే.

ప్రపంచ హీమోఫీలియా ఫెడరేషన్ 2020 మార్గదర్శకాల్లో కీళ్ళ బ్లీడ్‌కి 40 నుంచి 60 శాతం అని ఉంది, మందు కరువున్న చోట్ల 10 నుంచి 20 శాతంతో కూడా నెట్టుకొస్తున్నారని అదే పట్టికలో ఉంది. గవర్నమెంట్ హాస్పిటల్లో మీ పక్క మంచం పిల్లాడికి 500 ఇచ్చి మీ వాడికి 250 ఇస్తే గొడవ పడే ముందు బరువు, బ్లీడ్ ఎక్కడ, ఆ రోజు స్టాక్ ఎంత అన్నవి అడగండి. నేను గొడవపడ్డాను ఒకసారి, తర్వాత సిగ్గేసింది.

ఎక్కించింది ఎంతసేపు ఉంటుందన్నది కూడా తెలియాలి. ఫ్యాక్టర్ 8 అయితే 8 నుంచి 12 గంటల్లో సగమైపోతుంది, 9 అయితే 18 నుంచి 24 గంటలు. అందుకే నొప్పి తగ్గకపోతే మర్నాడు మళ్ళీ వేస్తారు. అందుకే ఆటలుండే రోజు పొద్దున్నే ఎక్కించుకుంటే లాభం, రాత్రి పడుకోబోయే ముందు ఎక్కిస్తే మందు నిద్రలో కరిగిపోతుంది. బ్లీడ్ అయినా కాకపోయినా వారానికి రెండు మూడు సార్లు ముందుగానే ఇచ్చే పద్ధతిని ప్రొఫిలాక్సిస్ అంటారు. మా వాడికి సోమ, గురువారాలు 250 చొప్పున, కిలోకి 10 యూనిట్లన్నమాట. చాలా తక్కువ డోసే, అయినా అది మొదలుపెట్టాక నెలకి మూడు నాలుగు సార్లు వచ్చే సోడా మాట రెండు నెలలకోసారికి దిగింది. మీ డాక్టర్‌గారు ఈ మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి.

ఫ్రిజ్, కరెంటు, బుడమేరు

ఫ్యాక్టర్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి. డీప్ ఫ్రీజర్‌లో వద్దు, ఫ్రిజ్ వెనక గోడకి ఆనించి వద్దు, అక్కడ గడ్డకడితే మందు పాడైనట్టే. డోర్‌లో కూడా పెట్టకండి, ఇంట్లో వాళ్ళు రోజుకి ఎన్నిసార్లు తీస్తారో తెలిసిందే. నేను మధ్య అరలో మూతున్న డబ్బాలో పెట్టి, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి ముందుకి జరుపుతాను. చాలా బ్రాండ్లు 25 లేదా 30 డిగ్రీల లోపు అయితే కొన్నాళ్ళు బయట కూడా ఉంటాయి, ఎన్నాళ్ళన్నది బ్రాండుని బట్టి మారుతుంది. పెట్టెలో ఉండే ఆ మడతల కాగితం పారేయకండి. బయటికి తీసిన తేదీ పెట్టె మీద పెన్నుతో రాయండి, ఒకసారి బయట ఉంచుదామనుకున్నదాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టకండి.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వరద మా వీధిలోకి వచ్చినప్పుడు ఇంట్లో నాలుగు వయళ్ళున్నాయి. మేం రెండో అంతస్తు కాబట్టి నీళ్ళు మా దాకా రాలేదు గానీ కరెంటు రోజుల తరబడి లేదు. మొదటి రోజు ఫ్రిజ్ తెరవలేదు. రెండో రోజు చల్లదనం పోయిందని అర్థమయ్యాక వయళ్ళని జిప్ కవర్లో, కవర్‌ని స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాని మంచినీళ్ళ కుండలో దింపి, కుండకి తడిగుడ్డ చుట్టి గాలి తగిలే చోట పెట్టాను. మా ఆయన "బయట పాలప్యాకెట్ల కోసం పడవలెనక పరిగెడుతుంటే నువ్వు కుండకి పూజ చేస్తున్నావేంటే" అన్నారు. మూడో రోజు వాడు చీకట్లో మెట్ల మీద కాలు మడతపడి చీలమండలో సోడా అన్నాడు, సెల్‌ఫోన్ లైటు వెలుగులో ఎక్కించాను, పనిచేసింది. నీళ్ళు తీశాక హాస్పిటల్ సిస్టర్‌ని అడిగితే మా బ్రాండుకి పర్లేదని, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టకుండా మిగతా మూడూ ముందు వాడేయమని చెప్పారు. మామూలు రోజుల్లో అయినా బెజవాడ ఎండల సంగతి తెలుసుగా, మే నెలలో స్కూటీ డిక్కీలో పెట్టి తీసుకెళ్ళడం మాత్రం చేయకండి. చిన్న ఐస్‌బాక్స్, అందులో జెల్ ప్యాక్, ప్యాక్‌కి వయల్‌కి మధ్య గుడ్డ.

కలపడం, ఎక్కించడం

ఇది చదివి నేర్చుకునేది కాదు. హాస్పిటల్లో సిస్టర్ పక్కన నిలబడి, ఆవిడ చూస్తుండగా కనీసం ఓ పదిసార్లు చేసి, ఆవిడ సరే అన్నాకే ఇంట్లో మొదలుపెట్టాలి. నేను మొదట సెలైన్‌తో మా ఆయన చేతి మీద నేర్చుకున్నాను, సిస్టర్ పక్కనే ఉన్నారు. పెళ్ళయ్యాక ఆయన నోరెత్తకుండా కూర్చున్నది ఆ పది నిమిషాలే. ఇంకోటి, జీవితంలో మొదటి పది ఇరవై డోసులు ఎలాగూ హాస్పిటల్లోనే వేయించాలి, ముఖ్యంగా ఫ్యాక్టర్ 9 వాళ్ళు, ఒక్కోసారి తీవ్రమైన అలర్జీ వస్తుంది.

పెట్టె ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద ఉంచండి. తొందరగా ఉంటే అందులోని రెండు బుడ్లూ (ఒకదాంట్లో మందు పొడి, ఇంకోదాంట్లో కలిపే నీళ్ళు) అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టండి, వేడినీళ్ళలో ముంచొద్దు. పేరు, యూనిట్లు, ఎక్స్‌పైరీ గట్టిగా చదవండి, నేను చదువుతాను, వాడు రిపీట్ చేస్తాడు. సబ్బుతో చేతులు కడగండి. బల్ల మీద శుభ్రమైన గుడ్డ, దాని మీద స్పిరిట్ స్వాబ్‌లు, సిరంజి, బటర్‌ఫ్లై సూది (చిన్న రెక్కలు, సన్న ట్యూబు ఉండేది), టోర్నికే (నరం లేవడానికి చేతికి బిగించే పట్టీ), దూది, ప్లాస్టర్, వాడేసిన సూదుల డబ్బా.

బుడ్ల మీది ప్లాస్టిక్ మూతలు ఊడదీసి, రబ్బరు బిళ్ళని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి, ఊదకండి. కలిపే సెట్ ముందు నీళ్ళ బుడ్డికే గుచ్చాలి, ఆ తర్వాత దాన్ని తలకిందులు చేసి పొడి బుడ్డికి. పొడి బుడ్డిలో గాలి లేకుండా తీసేసి ఉంటారు కాబట్టి నీళ్ళని అదే లాక్కుంటుంది. ఉల్టా చేసి ముందు పొడి బుడ్డికి గుచ్చితే ఆ లాగే శక్తి పోతుంది, మొదటి నెలలో నేను అదే చేసి, నీళ్ళు దిగక చెమటలు పట్టాయి. నీళ్ళు బుడ్డి గోడల వెంట జారేట్టు కాస్త వంచి పట్టుకోండి.

ఇప్పుడు అసలు ఓపిక కావాలి. పొడి కరగాలని ఊపేయకండి, దగ్గు సిరప్పులా అసలు షేక్ చేయకండి. ఊపితే నురగ వస్తుంది, నురగలో ఉన్న మందు సిరంజిలోకి రాదు, పైగా ప్రొటీన్ దెబ్బతింటుంది. బుడ్డిని బల్ల మీద నిలబెట్టి గుండ్రంగా మెల్లగా తిప్పండి. ముందు ఉప్మాలో ఉండలా ముద్దగా కనిపిస్తుంది, తర్వాత అంచుల నుంచి విడిపోతూ రెండు మూడు నిమిషాల్లో నీళ్ళలా అయిపోతుంది. వెలుతురుకి ఎత్తి చూడండి. పోగులు గానీ, మసక గానీ, రేణువులు గానీ ఉంటే అది వాడొద్దు, పారేయనూ వద్దు, హాస్పిటల్లో చూపించండి. సెట్‌లో ఉన్న ఫిల్టర్ గుండానే సిరంజిలోకి లాగండి. కలిపాక మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టొద్దు, కాగితం మీద ఇచ్చిన గంటల లోపు, ఎక్కువ బ్రాండ్లకి అది మూడు గంటలే, ఎక్కించేయాలి. నేనైతే అప్పటికప్పుడే.

నరం సంగతి. చిన్నపిల్లలకి అరచేతి వెనక నరాలు బాగుంటాయి, మోచేతి మడతలోవి పెద్దవే గానీ ఎప్పుడూ అక్కడే పొడిస్తే పాడైపోతాయి, ఎమర్జెన్సీకి ఏం మిగలదు. మాకు కుడి ఎడమ చేతులు వంతులవారీగా, ఈ వారం ఎవరి వంతో వాడే చెప్తాడు. పొడిచే ముందు పెద్ద గ్లాసు మంచినీళ్ళు తాగించండి, చెయ్యి కిందికి వేలాడదీయమనండి, గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు పెట్టమనండి. చలికాలం పొద్దున్న ఇది చేయకపోతే నరం దాక్కుంటుంది. టోర్నికే కట్టి, వేలితో నొక్కితే స్పంజిలా పైకి లేచేదే నరం, తాడులా గట్టిగా ఉన్నదాన్ని వదిలేయండి. స్పిరిట్ ఆరాక, 23 లేదా 25 సైజు బటర్‌ఫ్లై, గాటు పైకి ఉండేట్టు, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టుకుని గుచ్చండి. ట్యూబులో ఎర్రగా రక్తం కనిపిస్తే దొరికినట్టు. అప్పుడు టోర్నికే వదలండి. దాన్ని వదలకుండా మందు తోసేవాళ్ళు చాలామంది, నేను కూడా.

మెల్లగా తోయండి. చిన్నపిల్లలకి నిమిషానికి 100 యూనిట్లు దాటొద్దంటారు, అంటే 500 యూనిట్లకి ఐదు నిమిషాలు. మా వాడు ఫోన్‌లో ఒక పాట మొత్తం వింటాడు, ఆ పాట అయిపోయేలోపు సిరంజి ఖాళీ అయితే తొందరపడ్డానని అర్థం. సూది దగ్గర ఉబ్బినా, మంట అన్నా ఆపేయండి, నరం చిట్లింది, తీసేసి నొక్కిపట్టి ఇంకో చోట. రెండుసార్లు తప్పిపోతే మూడోసారి నేను పొడవను, ఆటో ఎక్కి హాస్పిటల్‌కి వెళ్ళిపోతాం, పిల్లాడికి మన మీద నమ్మకం పోతే ఆ తర్వాత ప్రతి సూదీ యుద్ధమే. ఎక్కించేటప్పుడు గానీ తర్వాత గానీ దద్దుర్లు, దురద, మొహం వాపు, ఆయాసం, ఛాతీ పట్టేయడం ఉంటే వెంటనే ఆపి క్యాజువాలిటీకి.

సూది తీశాక దూది పెట్టి ఐదు నిమిషాలు నొక్కిపట్టండి, గడియారం చూసి. మోచెయ్యి మడిచి దూది ఇరికించడం మనందరికీ అలవాటే, వద్దు, చెయ్యి చాపే ఉంచాలి. తర్వాత వయల్ మీద స్టిక్కర్ పీకి నోట్‌బుక్‌లో అంటించి తేదీ, టైము, ఎక్కడ బ్లీడ్, ఎన్ని యూనిట్లు, ఎంతసేపటికి తగ్గింది రాసుకోండి. బ్యాచ్ నంబరు అందులోనే ఉంటుంది. డాక్టర్‌గారు మన మాటల కన్నా ఆ నోట్‌బుక్కే ముందు చూస్తారు.

వాడిన సూదులకి మూతలు పెట్టకండి, నేరుగా మందపాటి డబ్బాలో వేయండి. మేం పాత ఫినాయిల్ క్యాన్ వాడతాం, నిండాక హాస్పిటల్లో ఇచ్చేస్తాం. మున్సిపాలిటీ చెత్తబండిలో వేస్తే ఆ సంచి చేత్తో ఎత్తే అమ్మాయికి గుచ్చుకుంటుంది.

ఎక్కించాక

కీలుకి రెస్టు. ఐస్‌ని గుడ్డలో చుట్టి పావుగంట. క్రేప్ బ్యాండేజీ మరీ బిగించకుండా. కాలు దిండు మీద. ఇక్కడ ఇంట్లో పెద్దవాళ్ళతో పేచీ వస్తుంది, మా అత్తగారు ఆవనూనె వేడిచేసి మర్దన చేస్తానంటారు, పక్కింటి పిన్నిగారు నాటుకట్టు అంటారు. రక్తం కారుతున్న చోట వేడి, మర్దన రెండూ ఇంకా కార్చేవే. నొప్పి తగ్గాక మాత్రం కదలాలి, లేకపోతే తొడకండ సన్నబడిపోయి మోకాలు నిలబడదు, మళ్ళీ అక్కడే బ్లీడ్. పడుకుని మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టి వదలడం, ఇది ఫిజియో సార్ నేర్పింది, రోజూ చేయిస్తాం. ఈత మంచిది, కబడ్డీ వద్దు. క్రికెట్ మీద మా ఇంట్లో ఇంకా చర్చలు నడుస్తున్నాయి.

నోట్లో, పన్ను ఊడిన చోట రక్తం ఆగకపోతే ట్రానెక్సామిక్ యాసిడ్ బాగా పనిచేస్తుంది, డాక్టర్‌గారు ముందే రాసిస్తారు, ఇంట్లో ఉంచుకోండి. ఒకరోజు వేడివేడివి, జంతికల్లాంటివి పెట్టకండి. కానీ మూత్రంలో రక్తం పడుతుంటే ఆ మందు వద్దు, గడ్డలు కట్టి దారి మూసుకుంటుంది. అప్పుడు నీళ్ళు బాగా తాగించి, రెస్టు ఇచ్చి, డాక్టర్‌కి ఫోన్.

ఇంట్లో ఆగకూడనివి

తలకి దెబ్బ. మెడ, గొంతు, నాలుక. కడుపు, నల్లటి విరేచనం. పిక్కలో గానీ ముంజేతిలో గానీ బిగుతుగా వాచి వేళ్ళు తిమ్మిరెక్కడం. ఇంకోటి, చాలామందికి తెలియనిది, గజ్జల్లో నొప్పితో తొడ మడుచుకుని చాపలేకపోవడం, లోపల సోయాస్ అనే పెద్ద కండలో బ్లీడ్ అయితే అలా ఉంటుంది, కుడివైపు అయితే అపెండిసైటిస్ అనుకుని కత్తి పట్టుకునే ప్రమాదం ఉంది. వీటికి ఫ్యాక్టర్ 8ని 80 నుంచి 100 శాతానికి తేవాలంటారు, మా వాడి లెక్కలో 1000 నుంచి 1250 యూనిట్లు. ఇంట్లో ఉన్నంత ఎక్కించి బయల్దేరండి, మిగతాది అక్కడ.

క్యాజువాలిటీలో అరవడం వల్ల ఏం రాదు, అది నేను చేసి చూశాను. స్కూల్ బ్యాగులో, నా పర్సులో లామినేట్ చేసిన కార్డు ఉంటుంది, జబ్బు పేరు, శాతం, బరువు, బ్లడ్ గ్రూపు, ఎమర్జెన్సీ డోసు, డాక్టర్ సంతకం. అది చేతికిచ్చి "మేడమ్, హీమోఫీలియా ఏ, సివియర్. తల కొట్టుకుంది. ముందు ఫ్యాక్టర్ వేసి తర్వాత సీటీకి పంపండి, మందు నా దగ్గరుంది" అని ఒక్క ముక్కలో చెప్పండి. స్కాన్ క్యూలో గంట కూర్చోబెట్టాక ఫ్యాక్టర్ వేయడం కన్నా, వేశాక గంట కూర్చున్నా పర్లేదు.

ఇది చదివే సిస్టర్లు ఉంటే వాళ్ళకో మాట. కండకి ఇంజెక్షన్లు వద్దు, టీకాలు చర్మం కిందికి సన్న సూదితో ఇచ్చి గట్టిగా పది నిమిషాలు నొక్కండి. బీపీ కఫ్ మళ్ళీ మళ్ళీ బిగించొద్దు, మలద్వారంలో థర్మామీటర్ వద్దు, ఫ్యాక్టర్ వేయకుండా నడుం నుంచి నీళ్ళు తీయడం లాంటివి అసలే వద్దు. నరం ఎక్కడ దొరుకుతుందో తల్లిని అడగండి. ఏళ్ళ తరబడి ఆ చేతుల్ని రోజూ చూసేది ఆవిడే.

మందు పనిచేయడం మానేస్తే

రెండు డోసులు వేసినా నొప్పి తగ్గలేదు, ఎప్పుడూ తగ్గే డోసే. అప్పుడు ఇన్హిబిటర్లు వచ్చాయేమో చూడాలి. బయటి నుంచి ఇచ్చిన ఫ్యాక్టర్‌ని శరీరం శత్రువనుకుని ప్రతిరోధకాలు తయారుచేస్తుంది. సివియర్ హీమోఫీలియా ఏ వాళ్ళలో దాదాపు 30 శాతం మందికి వస్తుంది, ఎక్కువగా మొదటి 50 రోజుల వాడకం (మందు ఎక్కించిన రోజుల లెక్క) లోపలే. టెస్టు పేరు బెథెస్డా, 5 యూనిట్లు దాటితే మామూలు ఫ్యాక్టర్ ఎంత పోసినా దండగే, బైపాసింగ్ మందులు వాడాలి, యాక్టివేటెడ్ ఫ్యాక్టర్ 7, లేదా ఏపీసీసీ (గడ్డకట్టించే కొన్ని ఫ్యాక్టర్ల మిశ్రమం). ఏటా ఒకసారి, ఆపరేషన్‌కి ముందు తప్పకుండా ఈ టెస్టు అడగండి.

ఎమిసిజుమాబ్ గురించి అందరూ అడుగుతున్నారు. అది ఫ్యాక్టర్ 8 కాదు, 8 చేయాల్సిన పనిని దాని బదులు చేసే యాంటీబాడీ. చర్మం కింద వారానికో, రెండు వారాలకో, నెలకో ఒకసారి, నరం వెతకక్కర్లేదు, ఇన్హిబిటర్ ఉన్నా పనిచేస్తుంది. హీమోఫీలియా ఏకే, బీకి కాదు. కానీ అది బ్లీడ్ రాకుండా ఆపేది, వచ్చిన బ్లీడ్‌కి మళ్ళీ ఫ్యాక్టరో బైపాసింగ్ మందో కావాల్సిందే. అది వాడుతున్నవాళ్ళకి ఏపీసీసీ ఎక్కువ మోతాదులో ఇస్తే చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది, మామూలు ఏపీటీటీ టెస్టు కూడా తప్పుగా నార్మల్ చూపిస్తుంది. కాబట్టి కార్డు మీద దాని పేరు పెద్దక్షరాలతో రాయించండి.

కాగితాలు, చుట్టాలు

హీమోఫీలియా 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి. సదరం (వైకల్యం శాతం తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్ష) స్లాట్ బుక్ చేసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోండి, తర్వాత యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు). తీవ్ర హీమోఫీలియాకి రాష్ట్రంలో పెన్షన్ కేటగిరీ ఉంది, మీ సచివాలయంలో అడగండి, మొదట "అలాంటిదేం లేదమ్మా" అంటారు, ఫ్యాక్టర్ అస్సే రిపోర్టు చూపించి మళ్ళీ అడగండి. ఫ్యాక్టర్ ఉచితంగా దొరికేది గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్లో, స్టాక్ ఉందో లేదో ఫోన్ చేసి వెళితే ఒక ఆటో ఖర్చు తగ్గుతుంది.

మా మేనమామకి ఇదే జబ్బు. ఆయన రోజుల్లో బ్లీడ్ అయితే మంచం, తగ్గితే లేవడం, అంతే. రెండు మోకాళ్ళూ వంగిపోయి కర్ర పట్టుకుని నడిచేవారు. మా వాడికి తేలినప్పుడు "మేనమామ పోలిక" అని అత్తగారు నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. నిజమే, తల్లి క్యారియర్ (జబ్బు జన్యువుని మోసే మనిషి) అయితే పుట్టే ప్రతి కొడుక్కీ సగం అవకాశం, ప్రతి కూతురికీ క్యారియర్ అయ్యే సగం అవకాశం. కానీ మూడింట ఒక వంతు ఇళ్ళల్లో ముందు ఎవరికీ ఉండదు, కొత్తగా మొదలవుతుంది. ఇంట్లో ఆడపిల్లలకి కూడా ఫ్యాక్టర్ శాతం చూపించండి, నాది 38, కాన్పుకి ముందు ఎవరూ అడగలేదు.

మొన్న సంక్రాంతికి మళ్ళీ గుంటూరు వెళ్ళాం. బస్సులో నా ఒళ్ళో ఐస్‌బాక్స్, అందులో రెండు 500లు, ఒక 250, పక్క జేబులో కార్డు, నోట్‌బుక్, స్వాబ్‌లు, రెండు బటర్‌ఫ్లైలు ఎక్కువే. కనుమ నాడు మధ్యాహ్నం గాలిపటం వదిలేసి వచ్చి సోడా అన్నాడు, మోచేతిలో. అన్నీ పరిచాక చూస్తే టోర్నికే లేదు. అమ్మ జడకి కట్టుకునే రబ్బరు బ్యాండ్లు చూశాం, చున్నీ చూశాం, చివరికి చేతి గ్లౌజు చీల్చి కట్టాను. ఈసారి మందు వాడే కలిపాడు, ఊపకుండా, గుండ్రంగా. ఇప్పుడు అమ్మగారింట్లో దేవుడి గూడు పక్క మేకుకి ఒక టోర్నికే వేలాడుతూ ఉంటుంది, మా ఇంట్లో ఒకటి, స్కూల్ బ్యాగులో ఒకటి.